రాజుగారి పళ్లెం

గల్లీలో పిల్లలు మళ్లీ అందుకున్నారు.

"రాజుగారికి కోపమొచ్చె, ఏ దిక్కుకు పోదాం?"

"మూలకు పోదాం, మూలకు పోదాం."

కరుణ పొయ్యి మంట తగ్గించి తలుపు దగ్గరికి ఉరికింది. "జర ఆపుండ్రిరా. మామ రాత్రి పాళి చేసి వచ్చి పండుకున్నడు" అని గొంతు పెంచకుండా కసిరింది. పిల్లలు గల్లీ మలుపు దాకా జరిగి, అక్కడ నిలబడి పాడారు. మాట విన్నట్టూ అయింది, పాట ఆపనట్టూ అయింది.

"పండుకోలే" అన్నాడు ఆమె పెనిమిటి రఘుపతి తెర వెనక నుంచి. "పాడనియ్యి. నవాగామంత పాడుతున్నది. ఈళ్లొక్కలు పాడకుంటె ఏం తక్కువైతది?"

సూరత్‌లో తెలుగు నేతపనివాళ్లుండే ఆ నవాగామ్‌లో వాళ్లకున్నది ఒక్కటే గది. దాని నడుమ తాడు కట్టి పాత చీర వేలాడదీస్తే అదే తెర. ఇవతల వంట, అవతల మంచం. కూతురు సంతోషి బడిలో నాటకం ఆడిన నాటి నుంచి ఆ తెర మూసే ఉంటోంది. అంతకు ముందు రఘుపతి కార్ఖానా నుంచి రాగానే కాళ్లు కడుక్కుని ఇవతలే బాసింపట్టు వేసుకుని కూర్చుని తినేవాడు. ఇప్పుడు వచ్చీరాగానే తెరెత్తి లోపలికి పోతాడు. మళ్లీ రాత్రి పాళి పని వేళకే బయటపడతాడు.

కరుణ అన్నం పెట్టి, పప్పు పోసి, పళ్లెం పట్టుకుని తెర దగ్గర నిలబడింది.

"తింటవా?"

"బయట తిన్న."

"నిన్న గూడ గదే అన్నవ్."

"నిన్న గూడ బయటనే తిన్న."

"ఇంట్ల కూడు ఏం పాపం జేసింది?"

మంచం కిర్రుమంది. అతని గొంతు వచ్చింది, అరిగిపోయినట్టు. "నేను పళ్లెం ముందల కూసుంటె అందరు నా కాలు దిక్కు చూస్తున్నరు. నువ్వు గూడ చూస్తవ్."

నిజమే, కరుణ కూడా చూసేది. పళ్లెం తెచ్చి గూట్లో పెట్టి, పైన ఇంకో పళ్లెం మూత వేసింది.

అసలు ఆ నాటకం మొదలైనప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది కరుణే. శ్రీప్రియ మేడం రాజమండ్రి వైపు మనిషి. పెనిమిటి సూరత్‌లో పెద్ద డాక్టరు. ఎవరూ అడగకుండానే తెలుగు బడికి వచ్చి, పిల్లలతో పాటల నాటకం ఆడిస్తానంది. కథ పిల్లలే కూర్చుకున్నారు. రాణికి ఎన్ని చీరలు నేసి తెచ్చినా రాజుకు నచ్చవు. నేతగాళ్లు పాడతారు, దాసీలు పాడతారు, రాజు మాత్రం గుర్రుమంటాడు. ఆ రాజు వేషం సంతోషికి ఇచ్చారు.

ఏడో తరగతికి వచ్చినా బడిలో పేరు పిలిస్తే పలికేది వినపడని పిల్ల. చుట్టాలొస్తే తల్లి కొంగు వెనక దాక్కునే పిల్ల. ఆ పిల్ల కడుపులోంచి గొంతు తీయడం నేర్చుకుంది. ఎదుటివాళ్ల మాట అయ్యేదాకా ఆగి, తన మాట అందుకోవడం నేర్చుకుంది. కరుణ కూలికి చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తూ కూర్చుంటే, పక్కన చేరి, "అమ్మా, నువ్వు దాసీ. నేను ఇటు తిరగంగనే నువ్వు పాట ఎత్తుకోవాలె. లేట్ గాకు" అనేది. కరుణ చేతికంటిన జిగురు తుడుచుకుంటూ పాడేది. ఆ ఇంట్లో పాట అనేది విని ఎన్నేళ్లయిందో.

ఆట నాడు నవాగామ్‌లోని తెలుగువాళ్లంతా బడి ఆవరణలో కూర్చున్నారు. వేదిక మీద రాజు సభ ముగించుకుని ఇంటికొచ్చాడు. భుజం మీది కండువా తీసి తలుపు చెక్కకు వేలాడేశాడు. గొంతు సవరించుకున్నాడు. మెడ అటూ ఇటూ విరుచుకుని, పళ్లెం ముందు కూర్చుని, వేలితో అన్నం కెలికి, ఎవరి మొహమూ చూడకుండా "ఏంది గిది?" అన్నాడు. ఆ తర్వాత ఎడమ కాలి బొటనవేలు పైకి లేపి, కాళ్లకు అడ్డమొచ్చిన పిల్లిని తోసినట్టు పళ్లేన్ని తోశాడు. పళ్లెం గిర్రున తిరుగుతూ వేదిక అంచు దాకా పోయింది. దాసీలు పాట ఎత్తుకున్నారు.

వెనక వరసలోంచి ఎవరో, "అరే, గీయిన మన రఘుపతి గాదూ" అన్నారు.

అంతే. నవ్వులు వరసలు వరసలుగా ముందుకొచ్చాయి.

తలుపు వేసి, టీవీ చప్పుడు పెంచి, గోడ అవతలికి పొక్కకుండా కరుణ ఇన్నేళ్లు దాచిందంతా దీపాల వెలుగులో, తాళంతో, రాగంతో నలుగురికీ తెలిసిపోయింది.

మర్నాటి నుంచి కార్ఖానాలో రఘుపతి పేరు రాజాసాబ్ అయింది. మరమగ్గాల సాంచాలు నడుస్తుంటే ఆ చప్పుడులో మాట వినిపించదు. అది ఒక రకంగా నయమే అనుకున్నాడు మొదట. కానీ సాంచాల మధ్య పనిచేసేవాళ్లు చేతులతోనే మాట్లాడుకుంటారు. తోటి పనివాడు నరేశ్ దూరం నుంచి అతన్ని చూసి, నవ్వి, ఎడమ కాలు కొంచెం ముందుకు చాపాడు. అతని పక్కవాడూ చాపాడు. పాళి దిగేదాకా ఎటు చూసినా ఒక కాలు.

ఆ సంగతి రఘుపతి ఇంట్లో చెప్పలేదు. నరేశ్ భార్య నల్లా దగ్గర కరుణకు చెప్పింది, నవ్వు ఆపుకుంటూ.

ఇప్పుడు మూలన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త వెంకటవ్వ తెర వైపు తిరిగింది. "అరేయ్, అన్నం మీద అలుగుడేందిరా. లేచి తిను."

"నువ్వు మాట్లాడకవ్వా" అన్నాడు కొడుకు. "అందరికంటె గట్టిగ నవ్వింది నువ్వే. నాకు వినవడ్డది."

ఆ నవ్వు కరుణ కూడా విన్నది. ఇన్నాళ్లూ ఎవరూ ఎత్తని మాట.

వెంకటవ్వ చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసింది. "నవ్విన. నిన్ను జూసి గాదు."

"మరెవ్వల్ని జూసి?"

"మీ నాయిన్ని జూసి. పోయినోడు మళ్లొచ్చి ముందల కూసున్నట్టే అయింది. గదే మెడ ఇరుసుడు, గదే ఏలు పెట్టుడు. నీ బిడ్డ మీ నాయిన మొకమన్న చూడలే. ఏడికెల్లి వట్టిందా అని నవ్వొచ్చింది. బతికుండంగ ఎన్నడు నవ్వకపోతిని. గిప్పుడన్న నవ్విన."

తెర అవతల మంచం మళ్లీ కిర్రుమంది.

"నువ్వప్పుడు పొయ్యెన్క దాక్కుంటుంటివి" అంది వెంకటవ్వ. ఇంకేదో అనబోయి, చిక్కుడుకాయల్లో తల దించుకుంది.

బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. శ్రీప్రియ చెప్పులు గడప బయట విడిచి, లోపలికి తొంగి చూసింది. కరుణ గబగబా రాళ్ల డబ్బాలు పక్కకు జరిపి, పీట వేసింది.

"సంతోషి బడికి వస్తోంది కానీ రిహార్సల్‌కి రావడం లేదు కరుణ గారూ. అడిగితే తల అడ్డంగా ఊపుతుంది. ఆదివారం ఊళ్లో పెద్ద హాల్లో ఆట ఉంది. గుజరాతీ బళ్లు, హిందీ బళ్లు అన్నీ వస్తున్నాయి. తెలుగు బడి నుంచి మనమొక్కళ్లమే. అందులోనూ ఆ పళ్లెం సీను చూసే మనల్ని తీసుకున్నారు."

కరుణ తెర వైపు చూసింది. తెర కదల్లేదు. లోపలి మనిషి మేలుకునే ఉన్నాడని అందరికీ తెలుసు, వచ్చినామెకు తప్ప.

"వాళ్ల బాపు వద్దన్నడు మేడం."

"ఎందుకండీ? నాటకం పిల్లలకి ఎంత నేర్పుతుందో మీరే చూశారుగా. ఆ పిల్ల అసలు నోరు విప్పేదా? ఇప్పుడు పదిమంది ముందు నిలబడి పాడుతోంది. నలుగురితో కలిసి పనిచేయడం తెలిసింది. ఎదుటి మనిషిని గమనించడం తెలిసింది."

"ఔ మేడం. గమనించుడు మంచిగనే తెలిసింది."

ఆ గొంతులోని చేదు శ్రీప్రియకు అప్పుడు తగిలింది. మెల్లగా అడిగింది. "అది... ఇంట్లోదా?"

కరుణ జిగురు అంటిన వేళ్లు ఒకదానికొకటి రుద్దుకుంది. "కోపం ఎట్లుంటదో ఇంట్ల చూసి రమ్మన్నరట మీరు. అది చూసొచ్చింది. చూసినంక గదే ఇంట్ల ఎట్లుండాల్నో మీరు చెప్పలేదు."

శ్రీప్రియ పీట మీద ముందుకు జరిగింది. "నాకు తెలీదండీ. పిల్లలంతా నవ్వుతూనే చేశారు. ఎవరిదో అడగాలని తోచలేదు."

తెర పక్కకు జరిగింది. రఘుపతి అంగీ గుండీలు పెట్టుకుంటూ ఇవతలికొచ్చాడు. కోపంగా లేడు. అది చూసి కరుణకు ఇంకా భయమేసింది.

"నమస్తె మేడం. ఛాయ్ తాగుతరా?"

"వద్దండీ. మీతో మాట్లాడదామనే—"

"ఒక్కటి అడుగుత, ఏమనుకోకుండ్రి. మీ సారు ఇంట్ల ఎన్నడన్న కోపం జేస్తడా?"

"అందరిళ్లలోనూ ఉంటుంది కదండీ."

"మరి మీ పిల్లలు వేస్తరా మీ సారు వేషం? వెయ్యరు. మీ ఇంట్ల అర్రలున్నయి, తలుపులున్నయి. తలుపేసుకుంటె పిల్లలకు కనవడదు. మాది ఒక్కటే అర్ర. నా బిడ్డ కండ్లు మూసుకుంటనన్నా మూసుకునే జాగ లేదీడ."

శ్రీప్రియ పీట మీంచి లేచింది. తప్పు చేసినదానిలా తల దించుకుంది కానీ మాట దించుకోలేదు. "చూడమన్నది నేనే. ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఏం కనపడుతుందో నేను పెట్టలేదుగా రఘుపతి గారూ."

వెంకటవ్వ చిక్కుడుకాయ తుంచడం ఆపి కొడుకును చూసింది.

రఘుపతి చివరి గుండీ పెట్టుకున్నాడు. "నా బిడ్డ రాదు."

"మీ ఇష్టం." గడప దగ్గర చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆమె ఆగింది. "సంతోషి రాకపోతే వేరే అమ్మాయి వేస్తుంది. మొన్నటి నుంచి నేర్చుకుంటోంది. ఆ నడక, ఆ పళ్లెం తోయడం, అన్నీ సంతోషే బడి విరామంలో దగ్గరుండి నేర్పింది. ఆ సీను మాత్రం ఆగదండీ. ఆపడం ఇప్పుడు నా చేతుల్లో కూడా లేదు."

స్కూటీ వెళ్లిపోయింది. రఘుపతి గడపలో నిలబడి ఆ ధూళి అణిగేదాకా చూశాడు.

"విన్నవా?" అన్నాడు కరుణతో. "బిడ్డను ఆపినా నా కాలు ఆగదట. ఇంకో పోరికి నేర్పిందట."

సంతోషి బడి నుంచి వచ్చేసరికి అతను తెర తాడు విప్పేశాడు. గది మళ్లీ ఒక్కటైంది. పాళికి పోవాల్సిన మనిషి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పిల్ల సంచీ దించకుండా తల్లి మొహం చూసింది. నాన్నమ్మ మొహం చూసింది. ఎవరి మొహంలోనూ ఏమీ దొరక్క, మెల్లగా సంచీ కొక్కేనికి తగిలించింది.

"ఇటు రా" అన్నాడు తండ్రి.

వచ్చి నిలబడింది.

"నలుగుట్ల నన్ను నవ్వులపాలు జేయాల్ననే వేసినవా?"

"లేదు బాపు."

"మరి?"

"కోపం ఎట్లుంటదని మేడం అడిగింది. అందరు అరిచి చూపిండ్రు. ఒకడు కత్తి తీసిండు. మేడం అవన్నీ సినిమా కోపాలన్నది. ఇంట్ల నిజంగ ఎట్లుంటదో చూసొచ్చి చూపియ్యమన్నది." సంతోషి గోరు కొరుక్కోబోయి, మానుకుంది. "నాకు గది ఒక్కటే తెలుసు."

కరుణ కళ్లు తిప్పుకుంది.

"అందరు నవ్వుతరని తెల్వదా?"

"సచ్చీ తెల్వదు బాపు. నాకైతె నవ్వు రాలే. నవ్వుతరనుకోలే." పళ్లెం ఉన్న గూటి వైపు చూస్తూ అంది. "భయపడ్తరనుకున్న."

వెంకటవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. రఘుపతి కూతురి మొహంలోకి చూశాడు. అతనికి ఆ మాట ఎక్కడో తగిలిందని కరుణకు అనిపించింది. తగిలినచోట మనిషి మెత్తబడతాడో, ఇంకా గట్టిపడతాడో మాత్రం ఆమె ఎన్నడూ ముందుగా చెప్పలేకపోయింది.

"సరే" అన్నాడు. "చూపియ్యి. ఆ నాడు వెనక కూసున్న, మంచిగ కనవడలే. గీడ చూపియ్యి, నా ముందల."

"ఊకో, ఇప్పుడెందుకు" అంది కరుణ.

"నిన్ను అడగలే. ఊరంతటికి చూపింది, నాకు చూపదా? ఆ పళ్లెం తియ్యి."

సంతోషి గూట్లోంచి పళ్లెం తీసింది. పొద్దున కరుణ పెట్టిన అన్నం అట్లాగే ఉంది, పైన పప్పు తెట్టె కట్టి. అది కింద పెట్టి, దాని ముందు కూర్చోలేదు. నిలబడే ఉంది.

"కూసో మరి."

"గీడ రాజు వేషం నాకెందుకు బాపు. నువ్వున్నవ్ గద." పిల్ల గొంతులో పొగరు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "నేను అమ్మ వేస్త."

ఎవరైనా ఆపుతారేమో అన్నట్టు ఒక్క క్షణం ఆగింది. ఎవరూ ఆపలేదు.

పళ్లేన్ని చేత్తో గోడ దాకా నెడితే నాలుగు మెతుకులు కింద చిందాయి; దాని దగ్గర గొంతుకూర్చుంది. ముందు తలుపు వైపు చూసింది, మూసి ఉందా అని. తర్వాత చెయ్యి చాపి, గాలిలోనే టీవీ చప్పుడు పెంచే మీట తిప్పింది. ఓణీ లేని భుజం మీద లేని కొంగు లాక్కుని నడుముకు దోపింది. నేల మీది మెతుకులు ఒక్కొక్కటే ఏరి ఎడమ అరచేతిలో వేసుకుంది. ఏరుతూనే వెంకటవ్వ వైపు తిరిగి, పెదాలతో మాత్రమే నవ్వింది. "ఏం లేదత్తా. చెయ్యి జారింది." మళ్లీ ఇటు తిరిగి, అక్కడ లేని పిల్ల తల నిమిరింది. "నువ్వు తిను బిడ్డా. బాపుకు పని ఎక్కువైంది. నువ్వేం చూడలే గద? ఆఁ, చూడలే. మంచి పిల్లవు."

పాట లేదు, తాళం లేదు. గదిలో ఎవరూ నవ్వలేదు.

కరుణ గోడ పట్టుకుంది. ఇన్నేళ్లూ తన మొహంలో ఏమీ కనిపించదనే అనుకుంది. ఆ నవ్వు అంత వికారంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. బొటనవేలు లేపిన కాలును చూసి ఊరంతా నవ్వింది గానీ, ఈ నవ్వును చూస్తే ఎవరు భరిస్తారు?

రఘుపతి కూతురి వైపు చూడ్డం లేదు. భార్యను చూస్తున్నాడు.

"గిది నువ్వు నేర్పినవా?"

లేదు అన్న మాట కరుణ నాలుక చివరకు వచ్చింది. చెయ్యి జారింది, ఏం లేదు, ఎవరూ చూడలేదు. ఆ ఇంట్లో గండం గడిపేవి ఎప్పుడూ ఆ మాటలే. సంతోషి గొంతుకూర్చున్నచోటి నుంచి తల ఎత్తి, తల్లి ఏమంటుందా అని చూస్తోంది. నేర్చుకునే పిల్ల చూసినట్టు చూస్తోంది.

"ఔ" అంది కరుణ. "నేనే నేర్పిన."

వెంకటవ్వ "అయ్యో" అని గొణిగింది. రఘుపతి లేచాడు. కరుణ కదలకుండా నిలబడింది. అతను ఆమె దగ్గరికి రాలేదు. మేకుకున్న తువ్వాల తీసి భుజాన వేసుకుని, తలుపు తీశాడు.

"ఆదివారం నువ్వే ఆడు" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఆ ఇంకో పోరి ఎందుకు, నువ్వే ఆడు. నేను గూడ వస్త. ముందటి వరసల కూసుంట. నువ్వు కాలు లేపంగనే లేచి నిలబడ్త. నాటకం ఎట్ల నడుస్తదో చూస్త."

సంతోషి ఏరిన మెతుకులు పళ్లెంలో వేసి, చేతులు దులుపుకుని నిలబడింది.

"రా బాపు" అంది. "నడుమల ఎవరన్న లేచినా ఆగొద్దని మేడం చెప్పింది. ఎంత లొల్లయినా పాట ఎత్తుకోవాల్నట."

గొంతు వణకలేదు. అది ధైర్యమో, నేర్చుకున్న వేషమో కన్నతల్లికి కూడా అంతుపట్టలేదు.

రఘుపతి గడప మీదే ఆగిపోయాడు. గల్లీలోకి అడుగు వేయలేదు, ఇంట్లోకీ తిరగలేదు. పాళి వేళ దాటిపోతోంది.